తుపాను తీరం దాటాక హైదరాబాద్‌లో: కూలిన చెట్లు, తెగిన వైర్లు, పోయిన కరెంటు – సమగ్ర మార్గదర్శి

బంగాళాఖాతంలో తుపాను అనగానే హైదరాబాద్‌లో చాలామందిమి ముందు ఊరికి ఫోన్ చేస్తాం. కాకినాడలో అమ్మ, బాపట్లలో బాబాయి, విశాఖలో అత్తగారు ఎలా ఉన్నారో కనుక్కుని, జాగ్రత్తలు చెప్పి పెట్టేస్తాం. మన డాబా మీద ఏముందో మాత్రం చూసుకోం. సముద్రం రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం కదా, ఇక్కడికి వచ్చేసరికి అంతా చల్లబడిపోతుందన్న ధీమా.

గాలి తగ్గే మాట నిజమే. వాతావరణ శాఖ లెక్క ప్రకారం గాలి వేగం గంటకు 62 నుంచి 88 కిలోమీటర్లుంటే తుపాను, 50 నుంచి 61 ఉంటే తీవ్ర వాయుగుండం, 31 నుంచి 49 ఉంటే వాయుగుండం. నేల మీదికి వచ్చాక సముద్రపు వేడి, తేమ అందవు కాబట్టి తుపాను ఒక్కో మెట్టూ దిగుతూ వస్తుంది. కానీ వానను మాత్రం మోసుకొస్తుంది. 2020 అక్టోబర్ 13 ఉదయం కాకినాడ దగ్గర తీరం దాటింది తుపాను కూడా కాదు, తీవ్ర వాయుగుండం. ఆ రాత్రే హైదరాబాద్ కాలనీలు మునిగిపోయాయి. 2025 అక్టోబర్ 28 రాత్రి నరసాపురం దగ్గర మొంథా తుపాను తీరం దాటితే, మర్నాడు నీళ్లలో చిక్కుకున్నది వరంగల్, హనుమకొండ.

అందుకే ఈ మార్గదర్శి. ఇందులో చెప్పేదంతా ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది: మన నగరంలో ప్రమాదం ఎక్కువగా గాలి ఆగిన తర్వాతే జరుగుతుంది. వైరు తెగి కింద పడి ఉన్నప్పుడు, చెట్టు సగం విరిగి వేలాడుతున్నప్పుడు, పోయిన కరెంటు తిరిగి వచ్చేటప్పుడు. ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది తెలిస్తే ప్రాణానికీ వస్తువులకూ చాలా ముప్పు తప్పుతుంది.

ఇంత చిన్న గాలికే చెట్లెందుకు కూలతాయి

గాలి బలం దాని వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 40 కిలోమీటర్ల గాలి 60 అయితే వేగం ఒకటిన్నర రెట్లే, కానీ చెట్టు మీద పడే తోపుడు రెండు రెట్లు దాటుతుంది. దానికి తోడు రెండు రోజులుగా నానిన నేల వేరును పట్టుకోలేదు. మన వీధుల్లో ఇంకో సమస్య ఉంది. ఫుట్‌పాత్ వేసినప్పుడు చెట్టు మొదలు దాకా సిమెంటు పోస్తారు, పైపులైను కోసమో కేబుల్ కోసమో తవ్వినప్పుడు ఒక వైపు వేళ్లు నరికేస్తారు. పైకి పచ్చగా, నిండుగా కనిపించే చెట్టు కింద ఒంటి వైపు వేళ్ల మీద నిలబడి ఉంటుంది.

గుల్‌మొహర్, పచ్చ తురాయి, సుబాబుల్, నిద్రగన్నేరు లాంటివి త్వరగా ఎదుగుతాయి, కొమ్మలు తేలిగ్గా విరుగుతాయి. మునగ సంగతి చెప్పనక్కర్లేదు. వేప, కానుగ, చింత గట్టి చెట్లు. ఇంటి ముందు కొత్తగా మొక్క నాటేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది, ముఖ్యంగా పైన కరెంటు లైన్ ఉంటే.

ముందు రోజు: డాబా మీదికి ఒకసారి వెళ్లండి

ఆరెంజ్ లేదా రెడ్ అలర్ట్ వచ్చిందంటే, వాన మొదలు కాకముందే వెలుతురు ఉండగా డాబా ఎక్కండి. ఎగిరే గుణం ఉన్న ప్రతి వస్తువునూ చూడండి. మిగిలిపోయిన రేకు ముక్కలు, ఫ్లెక్సీ గుడ్డ, ప్లాస్టిక్ కుర్చీలు, ఖాళీ డ్రమ్ములు, ఇటుక పెట్టి ఆపిన డిష్ యాంటెన్నా. ఇవి మీ ఇంటికి చేసే నష్టం కన్నా ఎగిరి కింద లైను మీద పడితే వీధి మొత్తానికి చేసే నష్టం ఎక్కువ. తడిసిన ఫ్లెక్సీ గుడ్డ రెండు ఫేజుల తీగల మీద ఒకేసారి పడితే చాలు, ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి మన కాలనీలకు కరెంటు తెచ్చే లైను) ట్రిప్ అయి ఆగిపోతుంది.

నీళ్ల ట్యాంకు నింపండి. నింపడానికి రెండు కారణాలు. 1000 లీటర్ల ట్యాంకు నిండుగా ఉంటే టన్ను బరువు, కదలదు. ఖాళీగా ఉంటే పైపును పెరుక్కుని దొర్లిపోతుంది. రెండోది, కరెంటు పోతే మోటారు ఉండదు. జలమండలి నీళ్లూ అనుమానమే, ఎందుకంటే కృష్ణా నీళ్లు కోదండాపూర్ లాంటి చోట్ల పంపులతో ఎత్తి పోస్తేనే మన నల్లాకు చేరతాయి. అక్కడ కరెంటు పోయినా ఇక్కడ నల్లా ఆగుతుంది.

బాల్కనీ గోడ మీది పూలకుండీలు కిందికి దించండి. అయిదో అంతస్తు నుంచి కుండీ పడితే కింద ఎవరు నడుస్తున్నారో మనకు తెలియదు. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ స్టాండు తుప్పు పట్టి ఉంటే తాత్కాలికంగానైనా కట్టించండి. కిటికీ అద్దాల మీద టేపు అతికించడం వల్ల అద్దం పగలకుండా ఆగదు. తలుపులు గడియ పెట్టి, మంచాన్ని కిటికీకి దూరంగా జరుపుకోవడమే అంతకన్నా పనికొస్తుంది.

బండిని చెట్టు కింద, హోర్డింగ్ కింద, ట్రాన్స్‌ఫార్మర్ గద్దె పక్కన పెట్టకండి. సెల్లార్‌లో నీళ్లు చేరే చరిత్ర ఉన్న అపార్ట్‌మెంట్ అయితే రాత్రికే బయటికి తీసేయండి.

ఇంకొకటి, చాలామంది దగ్గర ఉండనిది: కరెంటు బిల్లు మీద ఉండే యూఎస్‌సీ నంబరు. దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేస్తే ముందు అడిగేది అదే. మీ ఏరియా లైన్‌మ్యాన్ నంబరు వాచ్‌మన్ దగ్గర ఉందో లేదో కూడా ఈ రోజే కనుక్కోండి.

గాలి వీస్తున్నంతసేపు

ఇంట్లోనే ఉండండి, లిఫ్ట్ వాడకండి, టీవీ, ఫ్రిజ్, ఏసీ ప్లగ్గులు తీసేయండి. కరెంటు నాలుగైదు సార్లు వచ్చి పోతుంటే మెయిన్ ఆపేసుకోవడం మేలు. రోడ్డు మీద చిక్కుకుంటే చెట్టు కింద, బస్ షెల్టర్ పక్కనున్న హోర్డింగ్ కింద కాకుండా ఏదైనా పక్కా బిల్డింగు లోపల నిలబడండి. నీళ్లు నిలిచిన చోట స్ట్రీట్‌లైట్ స్తంభాన్ని, జంక్షన్ బాక్సును ఆసరాగా పట్టుకోవద్దు.

గాలి ఆగిన మొదటి గంట: ముందు వైరు, ఆ తర్వాతే ఏదైనా

వాన తెరిపిచ్చింది, గాలి ఆగింది. అందరం బయటికొస్తాం. ఎక్కడ ఏ కొమ్మ పడిందో చూస్తాం, ఫొటోలు తీస్తాం, పిల్లలు మన వెనకే వస్తారు. దయచేసి ఈ మొదటి గంటలో పిల్లల్ని బయటికి రానివ్వకండి.

కింద పడిన వైరు గురించి ఒక అపోహ ఉంది: వీధి అంతా చీకటిగా ఉంది కాబట్టి వైరులో కరెంటు లేదని. లైను ట్రిప్ అయినప్పుడు అది గాలికి తీగలు తగిలి పోయిందో, నిజంగా తెగిందో సబ్‌స్టేషన్‌లో కూర్చున్న ఆపరేటర్‌కు తెలియదు. లైను నిలుస్తుందేమోనని మళ్లీ ఒకసారి ఛార్జ్ చేసి చూస్తారు. అంటే ఈ నిమిషం చచ్చిపడి ఉన్న వైరులోకి మరు నిమిషం 11 కేవీ, అంటే 11 వేల వోల్టులు, రావచ్చు. పక్క వీధిలో ఎవరో తప్పుగా కలిపిన జనరేటర్ నుంచి కూడా రావచ్చు. నిప్పురవ్వలు, చిటపటలు లేకపోయినా వైరు బతికి ఉన్నట్టే లెక్క.

కనీసం పది మీటర్లు, అంటే మూడు కార్ల పొడవంత దూరం ఉండండి. నేల తడిగా ఉంటే ఇంకా వెనక్కి. వైరు నేలను తాకిన చోటు నుంచి కరెంటు నేలలో పరుచుకుంటుంది. దగ్గరగా వెళ్లే కొద్దీ మన రెండు పాదాల మధ్యే వోల్టేజి తేడా వచ్చి కాళ్ల గుండా ప్రవహిస్తుంది. అనుకోకుండా దగ్గరికి వెళ్లిపోయినట్టు అనిపిస్తే పరుగెత్తొద్దు. రెండు పాదాలూ ఆనించి, నేల మీద నుంచి ఎత్తకుండా, చిన్నచిన్నగా జరుపుకుంటూ వెనక్కి రండి. కారు మీద వైరు పడితే లోపలే కూర్చుని 1912కు, 112కు ఫోన్ చేయండి. కారుకు నిప్పంటుకుంటే తప్ప దిగొద్దు. దిగాల్సే వస్తే కారునూ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు కాళ్లూ కలిపి దూకాలి.

ఎవరికైనా షాక్ కొట్టి పడిపోతే చేయి పట్టి లాగకండి. ఇంట్లోపల అయితే ముందు మెయిన్ ఆపండి. వీధి లైను అయితే ఎండు కర్రతో కూడా మనం చేయగలిగింది లేదు. వానలో ఎండు కర్ర కూడా తడుస్తుంది, 11 కేవీ ముందు తడి కర్ర ఇనుప చువ్వతో సమానం. లైన్ ఆపించి, అప్పుడే దగ్గరికి వెళ్లాలి. ఊపిరి లేకపోతే 108కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి, అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు.

స్తంభాలకు వేలాడే నల్ల కేబుళ్ల మాటేమిటి? ఇంటర్నెట్, టీవీ కేబుల్ అని ధైర్యంగా చేత్తో పక్కకు నెట్టేస్తుంటాం. ఆ కేబుల్ పైన ఎక్కడో కరెంటు తీగకు ఆనుకుని ఉందేమో కింద నిలబడ్డ మనకు కనిపించదు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాతే స్తంభాల మీది కేబుళ్లను పెద్ద ఎత్తున తీయించడం మొదలైంది. వేలాడే ఏ తీగనూ తాకొద్దు.

పడిన చెట్టును ఎవరు తీయాలి

రోడ్డు మీద పడితే జీహెచ్‌ఎంసీ పని. 040-21111111కు ఫోన్ చేసి మూడు విషయాలు చెప్పండి: ల్యాండ్‌మార్క్, చెట్టు ఎంత దారి మూసింది, దానికి కరెంటు వైరు తగిలి ఉందా లేదా. ఈ మూడోది చెప్పకపోతే రంపాలతో వచ్చిన టీమ్ విద్యుత్ సిబ్బంది కోసం అక్కడే నిలబడి ఎదురుచూస్తుంది. వైరు తగిలి ఉంటే మీరే 1912కు కూడా చెప్పండి, రెండు ఫిర్యాదుల నంబర్లూ రాసిపెట్టుకోండి.

అపార్ట్‌మెంట్ లోపల పడితే తీయించుకోవాల్సింది మనమే. తొందరపడి వాచ్‌మన్ చేతికి కత్తి ఇచ్చి ఎక్కించొద్దు. ఒరిగిన చెట్టులో కొన్ని కొమ్మలు ధనుస్సులా వంగి బిగుసుకుని ఉంటాయి. కోసిన క్షణం అవి పైకి తన్నుతాయి. పని తెలిసిన వాళ్లనే పిలవండి, ముందు ఫొటోలు తీయండి. నిలబడి ఉన్న చెట్టును "ఎలాగూ పడిపోయేలా ఉంది" అని మొదలంటా కొట్టించాలంటే, సొంత స్థలంలో ఉన్నా వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద అనుమతి కావాలి.

కరెంటు ఎందుకు రావట్లేదు: ముందు ఎక్కడ పోయిందో తేల్చుకోండి

ఫిర్యాదు చేసే ముందు రెండు నిమిషాలు ఇది చూడండి. మీ ఇంట్లోనే పోయిందా? మీటర్ లైటు వెలుగుతుంటే లైను నుంచి కరెంటు వస్తోంది, సమస్య మీ ఎంసీబీలోనో (ఫ్యూజ్ బదులు బోర్డులో ఉండే స్విచ్) వైరింగులోనో ఉంది. మీటర్ కూడా ఆరిపోయి పక్కింట్లో వెలుగుతుంటే స్తంభం నుంచి మీ ఇంటికొచ్చే సర్వీస్ వైరు. వీధిలో ఒక ఇల్లు విడిచి ఒక ఇల్లు వెలుగుతుంటే ఒక ఫేజ్ పోయింది. వీధంతా చీకటిగా ఉండి, వెనక వీధిలో వెలుగుంటే ట్రాన్స్‌ఫార్మర్. కాలనీలన్నీ చీకటైతే ఫీడర్ లేదా సబ్‌స్టేషన్.

ఇది తెలిస్తే ఎంతసేపు పడుతుందో మీరే అంచనా వేసుకోవచ్చు. ఫ్యూజ్ వేయడం కొద్ది నిమిషాల పని. తెగిన జంపర్ (రెండు తీగలను కలిపే చిన్న తీగ ముక్క) కలపడం గంట. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే కొత్తది రావాలి, ఎత్తాలి, కలపాలి. స్తంభాలే విరిగితే గొయ్యి తవ్వడం దగ్గర నుంచి మొదలు.

"అన్నా, కరెంట్ ఎప్పుడొస్తది?" అని మనం అడుగుతాం. "ఫీడర్ మీద చెట్టు పడ్డది సార్, ఎల్‌సీ తీసుకున్నం, గంట పడ్తది" అంటారు. ఆ ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. సబ్‌స్టేషన్ నుంచి ఆ లైను ఆపినట్టు అనుమతి తీసుకుంటేనే స్తంభం ఎక్కుతారు. స్తంభం దగ్గర ఏబీ స్విచ్ (ఆ లైనును విడదీసే మీట) దించి, లైనుకు ఎర్త్ రాడ్ తగిలించి, ఆ తర్వాత తాడు కట్టుకుని పైకెళ్లి, విరిగిన కొమ్మను ముక్కలుగా కోసి ఒక్కొక్కటే కింద పడేస్తారు. అదంతా అయ్యాక పగిలిన ఇన్సులేటర్ ఎక్కడుందో వెతుక్కుంటూ టార్చిలైటుతో ఫీడర్ పొడవునా నడవాలి. పగులు సన్నగా వెంట్రుకంత ఉంటుంది, తడిసినప్పుడే లైను నిలవనివ్వదు. రాత్రి రెండు గంటలకు వానలో ఈ పని చేసే మనిషి మీద కేకలు వేస్తే పని ఆలస్యం అవుతుంది, మనిషి తొందరలో తప్పు చేస్తే ప్రాణం పోతుంది. ఒక ఫ్లాస్కు టీ తీసుకెళ్లి ఇవ్వండి.

పునరుద్ధరణకు కూడా ఒక వరస ఉంటుంది. పెద్ద సబ్‌స్టేషన్లు, 33 కేవీ లైన్లు, ఆసుపత్రులు, నీటి పంపింగ్ ముందు. 11 కేవీ ఫీడర్లు తర్వాత. ట్రాన్స్‌ఫార్మర్లు ఆ తర్వాత. విడి ఇళ్ల ఫిర్యాదులు చివర. పక్క కాలనీకి వచ్చి మనకు రాలేదంటే అది వేరే ఫీడర్ అయి ఉండొచ్చు. అపార్ట్‌మెంట్‌లో యాభై మంది విడివిడిగా ఫోన్ చేసే బదులు ఒకరు చేసి ఫిర్యాదు నంబరు గ్రూపులో పెడితే 1912 లైను మిగతావాళ్లకు దొరుకుతుంది. తెగిన వైరు కనిపిస్తే మాత్రం ఎంతమంది చేసినా తప్పు లేదు.

చీకట్లో ఇల్లు నడపడం

ఇన్వర్టర్ ఎంతసేపు వస్తుందో లెక్క కట్టుకోండి, ఊహ వద్దు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో 1800 వాట్ అవర్లుంటాయి. మార్పిడిలో పోయేది పోగా, పూర్తిగా ఖాళీ చేయకూడదు కాబట్టి, చేతికి వచ్చేది 1200 దాకా. మామూలు ఫ్యాన్ ఒక్కోటి 75 వాట్లు, 9 వాట్ల బల్బులు నాలుగు, రౌటర్ 10. రెండు ఫ్యాన్లతో మొత్తం 196 వాట్లు, ఆరు గంటలు. అవే బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే ఒక్కోటి 30 వాట్లే, అదే బ్యాటరీ పదకొండు గంటల దాకా లాగుతుంది. నాలుగేళ్లు దాటిన బ్యాటరీకి ఇందులో సగమే వేసుకోండి. రాత్రంతా నడవాలంటే సాయంత్రం టీవీ చూడొద్దు, అంతే.

ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంటే నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండింది 24 గంటలు ఆగుతుంది. పాలు కాచేయండి, మాంసం, చేపలు ముందు వండేయండి, పెరుగు తోడు పెట్టేయండి. చల్లదనం పోయి గంటలు గడిచిన మాంసాన్ని వాసన చూసి బాగుందని తేల్చుకోకండి, పారేయండి. ఇన్సులిన్ వాడేవాళ్లకు కంగారు అక్కర్లేదు: వాడకంలో ఉన్న చాలా రకాల ఇన్సులిన్ 30 డిగ్రీల లోపు నాలుగు వారాల దాకా పనిచేస్తుంది. మీ పెట్టె మీద ఏం రాసి ఉందో చూడండి. సీసాను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను తడి ఇసుకలో ఉంచిన మట్టి కుండలో పెడితే చాలు. ఐసు ముక్కలకు నేరుగా ఆనించొద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ ఇక పనికిరాదు.

ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ మీద ఉన్నవాళ్లుంటే ముందు రోజే సిలిండర్ తెప్పించి పెట్టుకోవాలి. ఆ యంత్రం 300 వాట్లకు పైగా లాగుతుంది, ఇంటి ఇన్వర్టర్ దాన్ని ఎక్కువసేపు మోయలేదు. ఇలాంటి ఇల్లు ఏదో అసోసియేషన్‌కు తెలిసి ఉండాలి, జనరేటర్ మొదటి కనెక్షన్ వాళ్లకే.

జనరేటర్ దగ్గర రెండు తప్పులు ప్రాణాలు తీస్తాయి. ఒకటి, వాన పడుతోందని దాన్ని సెల్లార్‌లోనో మెట్ల కిందో నడపడం. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, మగత వచ్చేసరికే లేవలేని స్థితి వస్తుంది. ఆరుబయట, కిటికీలకు దూరంగా, పైన రేకు కప్పి నడపండి. రెండోది, చేంజోవర్ స్విచ్ (లైను కరెంటునూ జనరేటర్ కరెంటునూ కలవనివ్వని స్విచ్) లేకుండా రెండు వైపులా పిన్నులున్న వైరుతో జనరేటర్‌ను ప్లగ్ సాకెట్‌కు కలపడం. ఆ కరెంటు మీ మీటర్ దాటి వెనక్కి వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్‌లో పెరిగి, 11 కేవీగా మారి లైను మీద పనిచేస్తున్న మనిషికి తగులుతుంది. చేంజోవర్ లేకపోతే జనరేటర్ నుంచి నేరుగా ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టుకుని ఫ్యాన్, లైటు, ఛార్జర్ నడుపుకోండి, ఇంటి వైరింగుకు కలపొద్దు.

డాబా మీద సోలార్ ఉన్నా కరెంటు పోగానే అదీ ఆగుతుందని చాలామంది కంగారు పడతారు. గ్రిడ్‌కు కలిసిన సోలార్ అలాగే ఆగాలి, లైన్‌మ్యాన్ భద్రత కోసమే. అయితే ఇన్వర్టర్ ఆగినా పగటిపూట ప్యానెళ్ల వైర్లలో వందల వోల్టుల డీసీ ఉంటుంది. గాలికి ప్యానెల్ లేచినా, వైరు ఊడినా మీరు చేయి పెట్టకుండా బిగించిన కంపెనీ మనిషిని పిలిపించండి.

కరెంటు తిరిగి వచ్చే క్షణం

వస్తువులు ఎక్కువగా కాలిపోయేది ఇక్కడే. మా వీధిలో ఒకసారి కరెంటు రాగానే అందరూ చప్పట్లు కొట్టారు. కింద వాచ్‌మన్ గదిలో ఫ్యాన్ ఎప్పుడూ లేనంత రయ్యిమని తిరుగుతోంది, మెట్ల మీది బల్బు తెల్లగా మండిపోతోంది, పక్క ఫ్లాట్‌లో మాత్రం లైట్లు గుడ్డిగా మినుకుమంటున్నాయి. రెండో అంతస్తులో ఉండే రిటైర్డ్ ఎలక్ట్రీషియన్ మెట్ల దగ్గర నుంచి "మెయిన్లు దించండి, న్యూట్రల్ పోయింది!" అని అరిచాడు. దించినవాళ్ల టీవీలు మిగిలాయి.

జరిగేది ఇది. మనకు 240 వోల్టులు రావాలంటే ఫేజ్ ఒక్కటే సరిపోదు, న్యూట్రల్ తీగ గట్టిగా ఉండాలి. గాలికి న్యూట్రల్ తెగినా వదులైనా, మూడు ఫేజుల మీద ఉన్న ఇళ్లు ఒకదానితో ఒకటి ముడిపడిపోతాయి. తక్కువ లోడున్న ఇంట్లో వోల్టేజి 300, 350 దాటిపోవచ్చు, ఎక్కువ లోడున్న ఇంట్లో 120కి పడిపోవచ్చు. కొన్ని లైట్లు మరీ ప్రకాశంగా, కొన్ని గుడ్డిగా ఉన్నాయంటే ఆలోచించకుండా మెయిన్ ఆపి 1912కు "న్యూట్రల్ కట్" అని స్పష్టంగా చెప్పండి.

అందుకే కరెంటు పోయినప్పుడే మెయిన్, ఎంసీబీలు అన్నీ దించేసి ఉంచండి. వచ్చాక పది నిమిషాలు ఆగండి. ముందు మెయిన్ ఎత్తి ఒక్క లైటు వేయండి. వెలుగు మామూలుగా నిలకడగా ఉంటే ఒక్కో ఎంసీబీ ఎత్తండి. ఫ్రిజ్, ఏసీ చివర. నీళ్ల మోటారు, లిఫ్ట్ అయితే ప్యానెల్ మీద మూడు ఫేజుల లైట్లూ వెలుగుతున్నాయో చూసే వేయాలి. రెండు ఫేజుల మీద మోటారు నడిస్తే వైండింగ్ కాలిపోతుంది. ఆర్‌సీసీబీ (కరెంటు నేలకు కారితే సరఫరా ఆపేసే స్విచ్) నిలవకుండా పడిపోతుంటే దాన్ని బలవంతంగా ఎత్తి కట్టేయొద్దు, ఎక్కడో తడి ఉంది. అది పడబట్టే మీరు బతికారు.

సెల్లార్‌లో నీళ్లుంటే

ప్యానెల్ బోర్డు, మీటర్లు సెల్లార్‌లోనే ఉన్న అపార్ట్‌మెంట్లు మన దగ్గర లెక్కలేనన్ని. నీళ్లు ఉండగా ఎవరూ దిగొద్దు, బండి కోసం అసలే దిగొద్దు. బయటి నుంచి సరఫరా ఆపించి, నీళ్లు తోడాక, బోర్డు పూర్తిగా ఆరాక, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ మెగ్గర్‌తో ఇన్సులేషన్ పరీక్షించాకే ఛార్జ్ చేయాలి. లిఫ్ట్‌ను ముందే పై అంతస్తులో ఆపి ఉంచితే పిట్‌లో నీళ్లొచ్చినా క్యాబిన్ మిగులుతుంది. సంపులో మురికినీళ్లు కలిస్తే ఖాళీ చేసి, కడిగి, క్లోరిన్ వేసేదాకా ఆ నీళ్లు తాగొద్దు. జలమండలి ఫిర్యాదులకు 155313.

నష్టానికి క్లెయిమ్

ముందు ఫొటో, తర్వాతే శుభ్రం. చెట్టు పడిన కారును ఉన్న చోటే నాలుగు వైపులా, నంబరు ప్లేటు కనిపించేలా తీయండి, కదపక ముందే ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పండి. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే సొంత బండి నష్టానికి ఏమీ రాదు. కాంప్రిహెన్సివ్ ఉంటే తుపాను, చెట్టు పడటం, వరద వర్తిస్తాయి. నీళ్లలో మునిగిన కారును స్టార్ట్ చేసి చూడొద్దు. ఇంజన్‌లోకి నీరు చేరి లోపల విరిగితే ఇంజన్ ప్రొటెక్షన్ లేని పాలసీలో ఆ భాగం ఇవ్వరు. తోయించి గ్యారేజీకి పంపండి.

ఇంటికి బీమా ఉన్నవాళ్లు మన దగ్గర తక్కువ. 2021 ఏప్రిల్ నుంచి భారత్ గృహ రక్ష పేరుతో అన్ని సాధారణ బీమా కంపెనీలూ ఒకే తరహా పాలసీ అమ్ముతున్నాయి. తుపాను, గాలివాన, వరద అందులో ఉంటాయి. భవనానికి తీసుకుంటే ఇంటి సామానుకు కూడా భవనం మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా దానంతట అదే వర్తిస్తుంది. అద్దెకుండేవాళ్లు సామానుకు మాత్రమే తీసుకోవచ్చు. హై వోల్టేజికి టీవీ కాలితే వస్తుందో రాదో పాలసీ కాగితం చూసి ముందే తెలుసుకోండి.

తీరంలో ఉన్న మనవాళ్ల కోసం

అక్కడి లెక్క వేరు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల స్థాయిలో వీచింది, స్తంభాలు వరసలు వరసలుగా పడిపోయాయి, కరెంటు కోసం జనం రోజుల తరబడి ఎదురుచూశారు, ఫోన్లు మూగబోయాయి. కాబట్టి తుపాను తీరం దాటకముందే అమ్మానాన్నలతో రెండు మాటలు ఖాయం చేసుకోండి. ఫోన్ కలవకపోతే ఏ పక్కింటివాళ్లకు చేయాలి, రోజుకు ఏ వేళలో వాళ్లు ఫోన్ ఆన్ చేస్తారు. మిగతా సమయం ఆఫ్‌లో ఉంచితే ఛార్జింగ్ మూడు రోజులొస్తుంది. టవర్ బలహీనంగా ఉన్నప్పుడు కాల్ కలవకపోయినా ఎస్సెమ్మెస్ వెళ్తుంది.

గాలి ఒక్కసారిగా ఆగిపోతే తుపాను కన్ను మీదుగా వెళ్తోందని, కాసేపట్లో గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ లేస్తుందని వాళ్లకు తెలిసే ఉంటుంది, అయినా ఒకసారి గుర్తు చేయండి. వెంటనే బయల్దేరి వెళ్లాలనిపిస్తుంది. రోడ్డు మీద చెట్లు తీసేదాకా ఆగి, వెళ్లేటప్పుడు ఛార్జ్ చేసిన పవర్ బ్యాంకులు, టార్చిలు, వాళ్లు రోజూ వేసుకునే మందులు రెండు వారాలకు సరిపడా, క్లోరిన్ బిళ్లలు, చేతిలో కొంత నగదు పట్టుకెళ్లండి. కరెంటు లేని ఊళ్లో ఏటీఎం పనిచేయదు, ఫోన్ పే అంతకన్నా పనిచేయదు.